పుర్రెలు కొలిచే చదువేనా?

సంపాదకులకు,

మా మనవరాలు మానవ శాస్త్రంలో ఎం.ఏ. చేస్తానంటే ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ‘పుర్రెలు కొలిచే చదువా?’ అన్నారు మా వియ్యంకులు. నిజానికి ఎముకలు, జన్యువులు చూసేది అందులో ఒక శాఖ. పెళ్లి, బంధుత్వం, నమ్మకాలు, సంతల గురించి చదివేది మరొకటి. పాతరాతి యుగాన్ని తవ్వేవారు వేరు, భాషల వెంట వెళ్లేవారు వేరు.

ఈ చదువుకు మన కర్నూలు ప్రాంతాన్ని మించిన ప్రయోగశాల ఉందా? 1880లలోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు జరిపాడు. జ్వాలాపురంలో సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియా టోబా అగ్నిపర్వతం వెదజల్లిన బూడిద పొర ఉంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అవి చేసిన మనుషులెవరన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మనమేమో ఆ బూడిదను తవ్వి గిన్నెలు తోమే పొడికి పంపుకున్నాం!

ఇక నల్లమల చెంచులు. వారి కోసం పథకాలు రాసేవారిలో ఎందరు ఒక్క వారమైనా గూడెంలో ఉండి, వారి మాట విన్నారు? గూడెంలో నెలల తరబడి ఉండి వినడమే ఈ శాస్త్రంలో అసలు పాఠం.

మా మనవరాలు తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేస్తోంది. ఇక్కడ నేను వాకబు చేసిన రెండు డిగ్రీ కళాశాలల్లో ‘ఆ గ్రూపు లేదు’ అన్నారు. వచ్చే ఏడాదికైనా కర్నూలులో ఈ సబ్జెక్టు పెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు