పుట్టిన తేదీ గురించి, ఇంకొన్ని నిర్ణయాల గురించి

ప్రియమైన తల్లిదండ్రులకు,

మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

పదో తరగతి పిల్లల నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితాలు) పంపే రోజులు దగ్గరపడ్డాయి. ఏటా ఈ సమయంలోనే కొందరు నా గదికి వచ్చి, గొంతు తగ్గించి, "వయసు ఒక ఏడాది తగ్గేలా పుట్టిన తేదీ మార్చి రాయండి మేడమ్, రేపు ఉద్యోగానికి పనికొస్తుంది" అని అడుగుతారు. అడిగేవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. ఆదివారం ఆరాధన మానని కుటుంబాలు, పిల్లల కోసం రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్లు. అందుకే మొహమాటం పక్కనపెట్టి ముందే చెబుతున్నాను: ఎవరు అడిగినా అలా రాయము.

నిబంధనలు ఒప్పుకోవన్నది ఎలాగూ ఉంది. పదో తరగతి సర్టిఫికెట్ మీద పడిన తేదీ ఆ బిడ్డ వెంట ఉద్యోగం దాకా, పాస్‌పోర్టు దాకా, పదవీ విరమణ దాకా వెళ్తుంది. జనన పత్రంలో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో ఇంకో తేదీ ఉంటే పదేళ్ల తర్వాత కార్యాలయాల చుట్టూ తిరగాల్సింది మీ అబ్బాయో అమ్మాయో. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం వేరే. పుట్టినరోజు పిల్లల కోసం అసెంబ్లీలో ప్రార్థన చేస్తాం కదా. ఆ జాబితా రాస్తూ ఒక చిన్నవాణ్ణి నీ పుట్టినరోజు ఎప్పుడని అడిగితే, "ఇంట్లోదా మేడమ్, బడిలోదా?" అన్నాడు. వాడి ముఖంలో ఏ తడబాటూ లేదు. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ వాడికి కంఠతా వచ్చు. అవసరమైతే ఒక కాగితం మీద అబద్ధం రాయించుకోవచ్చన్న పాఠం కూడా వచ్చేసింది, అదీ ఇంట్లోనే. ఆ రెండో పాఠం ఫలితం ఇప్పుడు కనబడదు. వాడు పెద్దవాడై నలుగురి డబ్బుకు లెక్క రాసే కుర్చీలో కూర్చున్నప్పుడు బయటపడుతుంది.

బైబిల్లోని యూదా రాజు హిజ్కియా గురించి మనం తరచుగా చెప్పుకునేది అతని కన్నీటి ప్రార్థన, దేవుడు పొడిగించిన పదిహేనేళ్ల ఆయుష్షు. ఆ తర్వాత జరిగింది ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది. పరామర్శకు వచ్చిన బబులోను దూతలకు అతడు తన ఖజానా అంతా తెరిచి చూపించాడు. యెషయా ప్రవక్త వచ్చి, ఇదంతా ఒకనాడు బబులోనుకు తరలిపోతుందని, అతని సంతానంలో కొందరు అక్కడి రాజనగరులో నపుంసకులుగా బతుకుతారని చెప్పాడు. హిజ్కియా దాన్ని మంచి మాటగానే తీసుకున్నాడు, తన కాలంలో సమాధానం ఉంటుంది కదా అని. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నేను చదవడం ఆపేస్తాను. తన రోగం కోసం గోడవైపు తిరిగి ఏడ్చిన మనిషి, బిడ్డల చెర గురించి విని ఒక్క మాటైనా ప్రార్థించినట్టు అక్కడ రాసి లేదు. పైగా అతడు దేవాలయం తలుపులు తిరిగి తెరిపించిన భక్తిపరుడు. బబులోను చేతిలో యెరూషలేము కూలడానికి ఇంకా వంద ఏళ్లకు పైగా పట్టింది. తన కాలానికి ఇబ్బంది లేదు కదా అన్న ఆ ఊరట మనకూ ఎంత సులువుగా దొరుకుతుందో ఆలోచించండి.

దీనికి పూర్తిగా ఎదురైన ఉదాహరణ మన ఒంగోలు గడ్డ మీదే ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి దొరికేలా చేశారు. పలుగూ పారా పట్టినవాళ్ల మధ్య బోధకులు తిరుగుతూ సువార్త చెప్పారు. ఎందరో బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సాయం మిషన్ చేతుల మీదుగా అందుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూటి కోసం సంఘంలో చేరడం ఉండకూడదని. లెక్కలు చూపించాలనుకునే మనిషికి అంతకు మించిన అదను దొరకదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి ఆశ లేకుండా ఆ నీళ్లలోకి దిగామని వాళ్లు తమ మనవలకు తలెత్తి చెప్పుకోగలిగారంటే, వద్దన్న ఆ నెలల వల్లే. మన బడికి వచ్చే కుటుంబాల్లో కొన్నింటి విశ్వాసానికి వేళ్లు అక్కడే ఉన్నాయి.

ఇంటర్మీడియట్ గురించి కూడా ఒక మాట. ఎంపీసీనా బైపీసీనా అన్నది పక్కింటి బిడ్డను చూసి తేల్చకండి. అప్పు తెచ్చి పెద్ద కాలేజీలో ఫీజు కట్టేసి, ప్రార్థన చేశాం, ఇక ప్రభువే చూసుకుంటాడు అనే ధోరణిని విశ్వాసం అనడానికి నాకు మనసు రాదు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ఆ ప్రభువే. రెండేళ్ల తర్వాత వడ్డీ ఎంతవుతుంది, వెనకున్న చెల్లి చదువు ఏమవుతుంది, హాస్టల్లో ఆదివారం ఆరాధనకు పంపుతారా లేదా, ఇవన్నీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆ తర్వాత మోకరించండి. ఆ ప్రార్థనలో ఏం అడగాలో అప్పుడు మీకు తెలుస్తుంది.

రికార్డులో తేదీ నిజంగానే తప్పుగా పడి ఉంటే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన పత్రం అసలు ప్రతి తీసుకురండి. దాన్ని సరిచేయించడానికి చేయాల్సిన ప్రయత్నమంతా మేమే చేస్తాం. గ్రూపు ఎంపిక గురించి మాట్లాడాలనుకునేవారు శనివారం మధ్యాహ్నం రావచ్చు. బిడ్డను కూడా వెంట తీసుకురండి.

మీ క్షేమం కోరుతూ,
ప్రధానోపాధ్యాయురాలు
ఒంగోలు