అమ్మిన భూమి, తోడిన నీళ్ళు ఏ పద్దులో రాస్తున్నాం?

సంపాదకుడు గారికి,

మా అపార్ట్‌మెంట్‌లో మూడో బోరు కూడా ఈ మార్చిలో ఎండిపోయింది. 2009లో మేం నిజాంపేటకు వచ్చినప్పుడు మూడు వందల అడుగుల్లో నీళ్ళు పడ్డాయి, ఇప్పుడు పన్నెండు వందల అడుగులు దింపినా దుమ్మే లేచింది. మెయింటెనెన్స్‌లో సగానికి పైగా ట్యాంకర్లకే పోతోంది. అయితే నేను రాస్తున్నది ట్యాంకర్ల రేటు గురించి కాదు, మనం రాసుకునే లెక్క గురించి.

బోరు లారీ వాళ్ళు, ట్యాంకర్ వాళ్ళు మా దగ్గర సంపాదించింది రాష్ట్ర జీఎస్‌డీపీలో, అంటే ఏడాదిలో రాష్ట్రంలో జరిగిన ఉత్పత్తి మొత్తం విలువలో, కలుస్తుంది. భూమి లోపల తరిగిపోయిన నీళ్ళు మాత్రం అందులో ఎక్కడా తీసివేతగా కనపడవు. కిరాణా కొట్టాయన కూడా గల్లాపెట్టెలో పడిందంతా లాభం అనుకోడు, అరల్లో సరుకెంత మిగిలిందో చూసుకుంటాడు. అంత మామూలు పని ప్రభుత్వాలు ఎందుకు చేయవు?

ప్రభుత్వ భూముల వేలం కూడా ఇలాంటిదే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 100.75 కోట్లు పలికితే ఊరంతా సంబరంగా చెప్పుకున్నాం. అమ్మడమే తప్పని నేను అనను, కానీ అమ్మిన ఎకరం మళ్ళీ రాదు కాబట్టి ఆ డబ్బు ఇంకో ఆస్తిగా మారిందా, లేక జీతాలకూ వడ్డీలకూ కరిగిపోయిందా అన్నది ఏటా బడ్జెట్‌లో విడిగా చెప్పాలి. పసిఫిక్‌లో నౌరూ అనే చిన్న దీవి ఫాస్ఫేట్ తవ్వి అమ్ముకుని 1970ల్లో తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరసలో నిలబడింది, ఖనిజం అయిపోయేసరికి దాచిన డబ్బు కూడా చాలావరకు పాడుచేసుకుంది. నార్వే తన చమురు డబ్బును నిధిలో వేసి, దాని మీద వస్తుందనుకునే రాబడి మేరకే, అంటే నిధి విలువలో ఏడాదికి దాదాపు 3 శాతమే వాడుకోవాలని నియమం పెట్టుకుంది. రెండూ భూమిలోది తవ్వి అమ్ముకున్న దేశాలే.

మనకు దారి చూపడానికి నార్వే దాకా పోనక్కర్లేదు. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి పెట్టిన ఆ ఖర్చు తరతరాలకు తాగునీళ్ళు అయింది. ఆ చెరువుల చుట్టూ కట్టడాలు రాకుండా 1996లో 111 జీవో తెచ్చి, 2022లో మనమే ఆ ఆంక్షలు సడలించుకున్నాం. మరోవైపు కృష్ణా నీళ్ళు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, కరెంటు ఖర్చుతో ఎత్తిపోసి తెచ్చుకుంటున్నాం. దగ్గరున్నది పాడైతే దూరం నుంచి తెచ్చుకోవచ్చులే అన్న ధీమా నాకు భయం కలిగిస్తోంది.

సిద్దిపేట దగ్గర మా ఊళ్ళో, నా చిన్నప్పుడు, ఎండాకాలం చెరువు అడుగున పూడిక మట్టి తవ్వి బండ్లతో పొలాలకు తోలేవాళ్ళు. ఒకే పనితో చెరువు లోతు పెరిగేది, చేను బలపడేది. చెరువులో నీళ్ళు ఏటా వాన పడితే వస్తాయి నిజమే, కానీ కాలువ మూసేసి, శిఖం భూమిలో, అంటే చెరువు నిండితే మునిగే నేలలో, ఇళ్ళు కట్టి, పూడిక తీయకుండా వదిలేస్తే వచ్చిన వాన ఎక్కడ నిలుస్తుంది?

భూముల అమ్మకం డబ్బును వేరే ఖాతాలో వేసి చెరువులకూ, కాలువలకూ, భూగర్భ జలాలకూ ఖర్చు పెట్టాలని చట్టం చేయాలి. భూగర్భ జల శాఖ ఇప్పటికే నెలనెలా నీటి మట్టాలు కొలుస్తోంది, ఆ అంకెలను బడ్జెట్ పుస్తకంలో ఆదాయం పేజీ పక్కనే అచ్చు వేస్తే చాలు, మిగతాది మేం చదువుకుంటాం.

మా సొసైటీలో నాలుగో బోరుకు చందా అడుగుతున్నారు. ఇంకుడు గుంతలకైతే రెట్టింపు ఇస్తాను, బోరుకు ఇవ్వనని చెప్పాను. వచ్చే ఆదివారం మీటింగ్ ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నిజాంపేట, హైదరాబాద్