పునరుద్ధరించి చూడని బ్యాకప్‌ను లెక్కలో వేసుకోవద్దు: రాష్ట్ర ఐటీ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఐటీ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారములు. ప్రభుత్వ శాఖల సర్వర్లలోని డేటాకు బ్యాకప్ ఉందా అని సమీక్షలో మీరు ఎవరిని అడిగినా ఉందనే జవాబు వస్తుంది. ఆ జవాబు చాలాసార్లు నిజమే కూడా. నేను అడగమని కోరుతున్న ప్రశ్న వేరు. ఆ బ్యాకప్‌ను ఒక ఖాళీ సర్వరు మీదికి పూర్తిగా ఎక్కించి, సేవ మళ్లీ నడుస్తోందని చివరిసారి ఏ తేదీన నిర్ధారించుకున్నారు, అందుకు ఎన్ని గంటలు పట్టింది? ఈ రెండు వివరాలను ప్రతి శాఖా ఏటా రెండుసార్లు మీకు రాతపూర్వకంగా సమర్పించి, ప్రజలకు తెలిసేలా ప్రకటించాలని ఉత్తర్వు ఇవ్వవలసిందిగా డేటాబేస్‌ల నిర్వహణే వృత్తిగా ఉన్న పౌరుడిగా మిమ్మల్ని కోరుతున్నాను.

రిజిస్ట్రేషన్ల శాఖనే తీసుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో ‘కార్డ్’ పేరుతో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలైనప్పటి నుంచి దస్తావేజుల వివరాలు కంప్యూటర్లలోకి చేరుతున్నాయి. ఈ రోజు స్థలం కొనేవారు ఈసీ (ఆ స్థలం మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) తీయించినా, రైతు 1-బి, అడంగల్ తీసుకున్నా, బ్యాంకు మేనేజరు అప్పు మంజూరు చేయబోతూ సరిచూసుకున్నా, అందరూ ఆధారపడేది సర్వర్లలోని డేటా మీదే. రాత్రి పన్నెండింటికి ఒకసారి బ్యాకప్ తీసే పద్ధతి ఉందనుకుందాం. మర్నాడు సాయంత్రం నాలుగింటికి సర్వరు చెడిపోతే, రాత్రి తీసిన నకలును ఏ లోపమూ లేకుండా తిరిగి ఎక్కించినా, ఆ రోజు ఉదయం నుంచి రాష్ట్రమంతటా జరిగిన రిజిస్ట్రేషన్లు అందులో ఉండవు. కొన్నవారి చేతిలో దస్తావేజు ఉంటుంది, స్టాంపు డ్యూటీ ఖజానాకు జమై ఉంటుంది, ఈసీలో మాత్రం ఆ లావాదేవీ కనిపించదు. అమ్మినవాడు దుర్బుద్ధి గలవాడైతే అదే ఈసీ చూపించి అదే స్థలాన్ని మరొకరికి బేరం పెట్టగలడు.

అందుకే ఎంతసేపటి డేటా పోతే భరించగలమన్నది సాంకేతిక సిబ్బందికి వదిలేయదగిన విషయం కాదు, శాఖాధిపతి సంతకం చేసి చెప్పవలసిన విషయం. ఏదో ఒక సర్వే జాబితాలో ఒక రోజు నమోదులు పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. రిజిస్ట్రేషన్లలో ఐదు నిమిషాలు పోయినా ఎక్కువే. ఆ ఐదు నిమిషాలనూ కాపాడుకోవడానికి కొత్తగా కనిపెట్టవలసిందేమీ లేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లు ప్రతి మార్పునూ ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటాయి. ఆ లాగ్‌లను ఎప్పటికప్పుడు వేరే చోటికి పంపుతూ ఉంటే, రాత్రి తీసిన పూర్తి నకలు మీద వాటిని వరుసగా వర్తింపజేసి, ప్రమాదం జరిగిన నిమిషానికి ముందు వరకు డేటాను తెచ్చుకోవచ్చు.

సమీక్షల్లో వినిపించే రెండు జవాబులకు మాత్రం తృప్తి పడవద్దని మనవి. రెయిడ్ (డేటాను ఒకటికి మించిన డిస్కుల మీద ఉంచే ఏర్పాటు) ఉంది కాబట్టి భయం లేదంటారు. అది ఒకటి రెండు డిస్కులు పాడైనా సర్వరు ఆగకుండా నడవడానికి పనికొస్తుందే తప్ప, పొరపాటున చెరిపేసిన పట్టికను తిరిగి ఇవ్వదు. మరో ఊళ్లోని డీఆర్ (విపత్తు వేళ ఆదుకునే) కేంద్రంలో అచ్చంగా ఇలాంటి సర్వరే నడుస్తోందంటారు. ఇక్కడ చెరిగినది అక్కడా క్షణాల్లో చెరిగిపోతుంది, ఇక్కడి తప్పుడు మార్పు అక్కడా అంతే నమ్మకంగా నమోదవుతుంది. డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి చేసేవారు బ్యాకప్‌లనే ముందు వెతికి నాశనం చేయడం పరిపాటి అయింది. కాబట్టి ప్రధాన సర్వరు మీద సర్వాధికారాలు గల ఖాతాతో కూడా చెరపలేని నకలు ఒక్కటైనా ఉండి తీరాలి. అది డ్రైవు నుంచి తీసి బీరువాలో భద్రపరచిన టేపైనా సరే, గడువు తీరేదాకా మార్చడానికి వీల్లేకుండా తాళం వేసిన నిల్వైనా సరే.

బ్యాకప్ ఉందన్న నమ్మకం ఎలా కూలుతుందో తెలుసుకోవడానికి ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థ దాచకుండా బయటపెట్టిన ఉదంతం ఒక్కటి చాలు. 2017 జనవరి 31 రాత్రి రెండో సర్వరుకు నకలు సరిగా వెళ్లకపోవడంతో దాన్ని సరిచేస్తున్న ఇంజనీరు, అక్కడ చెరపవలసిన డైరెక్టరీని ప్రధాన సర్వరు మీద చెరిపారు. ఒకటి రెండు క్షణాల్లో గ్రహించి ఆపేసరికే సుమారు 300 జీబీ డేటాలో 4.5 జీబీ మిగిలింది. ఆ సంస్థకు బ్యాకప్ ఏర్పాట్లు లేకపోలేదు, నకళ్లకు సంబంధించి ఐదు రకాల పద్ధతులు ఉన్నాయి. రోజూ డేటాబేస్ నకలు తీయవలసిన ప్రోగ్రాము 9.2 వెర్షనుది, డేటాబేస్ 9.6 వెర్షనుది కావడంతో నకలు తయారే కావడం లేదు, నిల్వ చేయవలసిన చోటు ఖాళీగా ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు వెళుతూనే ఉన్నా, వాటిపై తగిన ధ్రువీకరణ లేదని అవతలి మెయిల్ సర్వరు తిరస్కరిస్తూ వచ్చింది. చివరకు వారిని ఆదుకున్నది వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్ (ఆ క్షణంలోని డేటా నకలు). దాని నుంచి కోలుకోవడానికి దాదాపు 18 గంటలు పట్టింది, మధ్యలోని ఆరు గంటల డేటా పోనే పోయింది. అంతకు ముందు వారమే ఎవరైనా ఆ బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూసి ఉంటే, ఖాళీ పెట్టె సంగతి పగటి పూట, తాపీగా బయటపడేది.

ప్రభుత్వాలు ఇందుకు అతీతం కావు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల నుంచి మంటలు లేచినప్పుడు, ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల డేటా కాలిపోయింది. పరిమాణం మరీ పెద్దదన్న కారణంతో దానికి బయట ఎక్కడా నకలు ఉంచలేదు. మన దేశంలో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన దాడిలో ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటాకు దుండగులు తాళం వేశారు. అక్కడ దాడి సోకని బ్యాకప్ సర్వరు ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా దక్కింది. అయినా సుమారు రెండు వారాల పాటు ఓపీ చీటీల నుంచి పరీక్షల రిపోర్టుల దాకా చేత్తో రాసుకోవలసి వచ్చింది. నేను తేదీతో పాటు గంటల లెక్క కూడా అడుగుతున్నది ఈ కారణంగానే.

నకలు ఏ ఊళ్లో ఉందన్నదీ మన రాష్ట్రంలో చిన్న విషయం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఒకే తుపానుకో ఒకే వరదకో చిక్కే రెండు భవనాల్లో రెండు నకళ్లు ఉంచితే, ఆపద వచ్చిన రోజున వాటిని ఒక్కటిగానే లెక్కపెట్టాలి. హైదరాబాదు, పుణె, భువనేశ్వర్, ఢిల్లీలలో జాతీయ సమాచార కేంద్రం వారి డేటా కేంద్రాలున్నాయి కాబట్టి చోటు లేదనడానికి వీల్లేదు.

పరీక్ష కాగితం మీద ముగిసిపోకుండా ఉండాలంటే, తిరిగి ఎక్కించే పనిని బ్యాకప్ తీసే ఉద్యోగి కాక వేరొకరు, రాసి ఉంచిన విధానాన్ని మాత్రమే చూసి చేయాలి. గుత్తేదారు సంస్థలో విషయమంతా తెలిసిన ఆ ఒక్క ఇంజనీరుకు ఫోను చేయకూడదు. (ప్రతి శాఖకూ అలాంటి మనిషి ఒకరుంటారు, సెలవు పెడితే అందరికీ గుండె దడే.) నకలుకు వేసిన ఎన్‌క్రిప్షన్ తాళంచెవి ఆ నకలున్న సర్వరులోనే కాక విడిగా భద్రంగా ఉందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. తర్వాత రికార్డుల సంఖ్య సరిపోల్చి, ఏవో కొన్ని సర్వే నంబర్లకు ఈసీ తీసి, స్కాన్ చేసిన దస్తావేజు తెరుచుకుంటోందో లేదో చూడాలి. డేటాబేస్ తిరిగొచ్చి, స్కాన్ ఫైళ్లు రాకపోవడం చాలా మామూలుగా జరిగేదే.

తేదీ, గంటలు ప్రకటిస్తే భద్రతకు ముప్పని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. సర్వరు చిరునామాలూ, సాఫ్ట్‌వేర్ వివరాలూ నేను అడగడం లేదు. ఫలానా శాఖ ఫలానా రోజున 11 గంటల్లో పునరుద్ధరించుకుందని తెలిస్తే దాడి చేసేవాడికి ఒరిగేదేమీ లేదు. ఖర్చు మాట నిజమే, ఖాళీ సర్వర్లూ మనుషుల సమయమూ కావాలి, అయితే పరీక్ష కోసం సర్వర్లను అద్దెకు తీసుకుని రెండు రోజుల్లో వదిలేయవచ్చు. నిర్వహణ ఒప్పందాల్లో కూడా బ్యాకప్ తీసినందుకు కాక, తిరిగి ఎక్కించి చూపినందుకు చెల్లింపు ఉండేలా నిబంధన మార్చవచ్చు. ఇంకొక్క మనవి. మొదటి విడతలో చాలా శాఖలు విఫలం కావచ్చు. ఆ వైఫల్యానికి మెమోలు జారీ చేస్తే రెండో విడతలో అందరూ నూటికి నూరు మార్కులు వేసుకుని పంపుతారు, మీకు నిజం తెలిసే దారి మూసుకుపోతుంది. దాచినవారిని శిక్షించండి, విఫలమైనట్టు చెప్పినవారికి సర్వర్లూ సిబ్బందీ ఇవ్వండి.

అన్ని శాఖలనూ ఒకేసారి కదిలించడం కష్టమైతే రిజిస్ట్రేషన్ల డేటాబేస్‌తోనూ, వెబ్‌ల్యాండ్ భూమి రికార్డులతోనూ మొదలుపెట్టి, అక్టోబరు తుపాన్లు వచ్చేలోగా ఆ రెండింటి తేదీలనూ గంటలనూ ప్రకటించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక డేటాబేస్ నిర్వాహకుడు,
విజయవాడ