పేపర్లో ఫస్ట్ మార్కు, క్లాసులో తడబాటు: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రాథమిక పాఠశాల టీచర్లను తయారుచేసే శిక్షణ కళాశాలలో గణిత బోధన పద్ధతులు చెబుతాను. బడులకు తెరలు, ట్యాబ్‌లు వస్తున్నందుకు నాకు అభ్యంతరమేమీ లేదు. రేపు వాటి ముందు నిలబడి పాఠం చెప్పాల్సినవాళ్లు ఇప్పుడు మా దగ్గరే ఉన్నారు. వాళ్లకు మేం ఏం నేర్పుతున్నామో మీకు తెలియాలని ఈ లేఖ.

పోయిన ఏడాది టీచింగ్ ప్రాక్టీస్‌లో, అంటే మా విద్యార్థులు బడికి వెళ్లి పాఠాలు చెప్పే రోజుల్లో, మా దగ్గర శిక్షణ పొందుతున్న ఒక అమ్మాయి పాఠం చూడ్డానికి వెళ్లాను. విద్యా సాంకేతికత పేపర్లో మా కాలేజీలో ఫస్ట్ మార్కు ఆ అమ్మాయిదే. నాలుగో తరగతి, భిన్నాల పాఠం. ల్యాప్‌టాప్‌లోని బొమ్మ తెర మీదికి రాక మొదటి పది నిమిషాలు పోయాయి. (నేను సాయం చేద్దామని లేచి ఇంకో రెండు నిమిషాలు పోగొట్టాను, అది వేరే సంగతి.) ఎట్టకేలకు వీడియో మొదలైంది. రంగులు, సంగీతం, ఎగిరే అంకెలు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అయిపోయాక, "మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?" అని అడిగింది. క్లాసు క్లాసంతా "నాలుగో వంతు!" అని అరిచింది. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి.

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నిజానికి చిన్నబోవాల్సింది నా ముఖం. ఆ పేపర్లో మేం నేర్పించినవి కంప్యూటర్ భాగాలు, కంప్యూటర్ తరాలు, ర్యామ్‌కీ రోమ్‌కీ తేడా. "బోధనలో సాంకేతికత వల్ల కలిగే ఎనిమిది ప్రయోజనాలు రాయండి" అంటే ఎనిమిదీ వరసగా రాయగలదు. క్లాసులో ఆ ఎనిమిదింట్లో ఒక్కటీ అక్కరకు రాలేదు.

నాలుగు రోజుల తర్వాత అదే క్లాసుకు మళ్లీ వెళ్లింది. ఈసారి వీడియో లేదు. ఒకే పొడవున్న కాగితపు పట్టీలు పంచి, కొన్నిటిని మూడుగా, కొన్నిటిని నాలుగుగా మడవమంది. మూడుగా మడవడం చిన్న చేతులకు కష్టం. ఒకరిది సమానంగా వచ్చింది, ఇంకొకరిది ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. ఆ రెండిటినీ ఫోన్‌తో ఫొటో తీసి, తెర మీద పక్కపక్కన పెద్దవి చేసి పెట్టి, "ఈ రెండూ మూడో వంతులేనా?" అని అడిగింది. క్లాసులో గొడవ మొదలైంది. ఒక పిల్లాడు స్కేలు తీసుకుని తెర దగ్గరికే వచ్చేశాడు, కొలుస్తానని. తర్వాత మూడు మడతల పట్టీ మీద నాలుగు మడతల పట్టీ పెట్టి చూసుకున్నారు. వెనక నుంచి ఒక పాప, "ఎక్కువ మందికి పంచితే తలా కొంచెమే వస్తుంది టీచర్" అంది.

ఈ పాఠంలో వాడిన సాంకేతికత ఎంత? ఒక ఫోన్ కెమెరా, ఒక వైరు. పిల్లలు ఎక్కడ పొరబడుతున్నారో ఆ అమ్మాయికి ఈసారి ముందే తెలుసు. ఆ పొరపాటును అందరి కళ్ల ముందుకు తేవడానికే ఫోన్ తీసింది.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. విషయం తెలియడం వేరు, దాన్ని పిల్లలకు అందేలా చెప్పడం తెలియడం వేరని లీ షుల్మన్ అనే విద్యావేత్త 1986లోనే వివరించారు. పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ అనే పరిశోధకులు 2006లో దీనికి సాంకేతికతను కలిపి, ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయని, విడివిడిగా నేర్పితే సరిపోదని చెప్పారు. మేం విడివిడిగానే నేర్పుతున్నాం. మిశ్రా, కోహ్లర్ చెప్పింది కూడా మా దగ్గర ఐదు మార్కుల ప్రశ్న అయి కూర్చుంది.

పరికరాలు పంచితే మిగతాది దానంతటదే జరుగుతుందనుకుంటే పెరూ దేశాన్ని చూడండి. అక్కడ పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. 319 గ్రామీణ ప్రాథమిక బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. కంప్యూటర్ల వాడకం బాగా పెరిగింది కానీ, గణితంలోగానీ భాషలోగానీ పిల్లల చదువు మెరుగైన దాఖలా కనపడలేదు. టీచరు పాఠం చెప్పే తీరు మారకపోతే ల్యాప్‌టాప్ చేయగలిగింది తక్కువేనని నాకు దాన్నిబట్టి అర్థమైంది.

అందుకే నా మొదటి అభ్యర్థన: విద్యా సాంకేతికత అనే ఆ విడి పేపర్‌నూ, దాని రాత పరీక్షనూ తీసేయండి. ఆ గంటలను గణితం, భాష, పరిసరాల విజ్ఞానం బోధన పద్ధతుల్లో కలపండి. మార్కులు టీచింగ్ ప్రాక్టీస్‌లో వేయించండి. లెసన్ ప్లాన్‌లో "ఉపయోగించిన పరికరాలు" అనే గడి ఎలాగూ ఉంది. దాని పక్కన "ఇది లేకపోతే ఈ పాఠంలో ఏం పోతుంది?" అని ఇంకో గడి పెట్టించండి. సగం సార్లు "ఏమీ పోదు" అనే జవాబు వస్తుంది. అప్పుడు తెర ఆపేయాలి. ఒకటో తరగతి పిల్లలకు అక్షరం దిద్దించడానికి పలక చాలు. కానీ అదే పిల్లలు చదువుతుండగా గొంతు రికార్డు చేసి, రెండు నెలల తర్వాత పాతదీ కొత్తదీ వాళ్లకే వినిపించడం పలకతో అయ్యే పని కాదు. ఈ తేడా పట్టుకోవడం మా ఛాత్రోపాధ్యాయులకు, అంటే మా దగ్గర శిక్షణ పొందే కాబోయే టీచర్లకు, అలవాటు కావాలి.

రెండోది మా గురించి. మనిషి తనకు పాఠం చెప్పిన తీరులోనే పాఠం చెబుతాడని డాన్ లోర్టీ అనే సమాజ శాస్త్రవేత్త 1975లోనే గమనించారు. ఏళ్ల తరబడి బెంచీ మీద కూర్చుని చూసిందే చేతికి వస్తుంది. మరి మేం ఏం చూపిస్తున్నాం? శిశుకేంద్రిత బోధన గురించి 60 స్లైడ్‌లు పెట్టి, ఒక్కొక్కటే చదువుకుంటూ పోతాం. నేనూ అదే చేశాను, చాలా ఏళ్లు. ముందు మాకు శిక్షణ ఇప్పించండి. రెండు రోజుల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫొటోతో ముగిసేది వద్దు. ఏడాది పొడవునా ఒకరి పాఠం ఒకరు చూసుకుని మాట్లాడుకునే వీలు కల్పించండి. బడుల్లో ఏ పరికరాలు ఉన్నాయో అవే మా కాలేజీల్లోనూ ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంకొకటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. టీచింగ్ ప్రాక్టీస్ మొదటి రోజు సాయంత్రానికల్లా మా ఛాత్రోపాధ్యాయుల వాట్సాప్ స్టేటస్‌లలో పిల్లల ముఖాలు కనిపిస్తాయి. ప్రేమతోనే పెడతారు. ఆ పిల్లల తల్లిదండ్రులను ఎవరూ అడిగి ఉండరు. ఫ్రీగా దొరికిన యాప్‌లో పిల్లల పేర్లు, మార్కులు ఎక్కించేవాళ్లూ ఉన్నారు. హ్యూమన్ రైట్స్ వాచ్ అనే అంతర్జాతీయ హక్కుల సంస్థ 2022లో వెలువరించిన నివేదిక కోసం 163 విద్యా యాప్‌లను, వెబ్‌సైట్లను పరిశీలిస్తే, 145 పిల్లల సమాచారం విషయంలో వాళ్ల హక్కులకు ముప్పు తెచ్చేలానో, భంగం కలిగించేలానో నడుచుకుంటున్నట్టు తేలింది. అవన్నీ కరోనా కాలంలో ప్రభుత్వాలు సిఫారసు చేసినవే. ఫొటో తీసే ముందు, యాప్ పెట్టే ముందు ఏం ఆలోచించాలో బడిలో అడుగుపెట్టక ముందే నేర్పాలి. నేను పైన చెప్పిన అమ్మాయి తీసింది కాగితపు పట్టీల ఫొటో, పిల్లల ముఖాలవి కాదు. ఆ సంగతి ఆమెకు తట్టింది కానీ, మేమైతే చెప్పలేదు.

చివరగా ఒక పిలుపు. మళ్లీ టీచింగ్ ప్రాక్టీస్ జరిగేటప్పుడు ఒక రోజు మీరు రండి. ప్రారంభోత్సవం ఏమీ ఉండదు, రిబ్బను ఉండదు. వెనక బెంచీలో కూర్చుని ఒక పాఠం మొత్తం చూడండి. వస్తున్నట్టు ముందు చెప్పకండి, చెబితే మేం రిహార్సల్ వేయించేస్తాం.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాల అధ్యాపకుడు