డీజీపీ గారూ, కుక్క అరుపు దగ్గరే ఆగిపోకండి

తెలంగాణ డీజీపీ గారికి నమస్కారం.

మా పక్క వాటాలో ఒకాయన తాగొచ్చిన రాత్రుల్లో ముందు కుక్క అరుపు వినిపించేది. అది ఆగాక గిన్నెలు పడేవి. ఆ తర్వాత ఏ చప్పుడూ ఉండేది కాదు, నాకు అదే ఎక్కువ టెన్షన్. ఒకరోజు కుక్క కాలు విరిగింది. స్టేషన్‌కి వెళ్తే, "కుక్క కోసం కేసేంటమ్మా" అని నవ్వి పంపేశారు. నెల తిరక్కముందే ఆయన భార్య చేతికి కట్టుతో మెట్ల మీద ఎదురైంది. "కాలు జారిందక్కా" అంది. పుట్టింటికి వెళ్లమంటే, "నేను వెళ్తే దీన్ని చంపేస్తాడు" అని కుక్క వైపు చూసింది.

1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చాయ్, సమోసా ఖర్చు! దాన్ని మార్చడం మీ చేతుల్లో లేదు, తెలుసు. కానీ జంతువును చంపినా, అవిటిదాన్ని చేసినా భారతీయ న్యాయ సంహిత 325 కింద అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ సెక్షన్ పెట్టమని స్టేషన్లకి చెప్పొచ్చు కదా. అమెరికాలో ఎఫ్‌బీఐ 2016 నుంచి జంతుహింసను విడిగా లెక్క కడుతోంది.

కుక్కను కొట్టినవాళ్లంతా భార్యను కొడతారని నేననను. కానీ అలాంటి ఫిర్యాదు వచ్చిన ఇంటికి ఒక మహిళా కానిస్టేబుల్‌ని పంపండి, భర్త లేనప్పుడు ఆ ఇంటి ఇల్లాలితో మాట్లాడించండి. హింసకు గురైన ఆడవాళ్లకి సాయం చేసే మీ భరోసా సెంటర్‌కి వచ్చినవాళ్లని ఇంట్లో కుక్కో, మేకో, గేదో ఉందా, దాన్ని ఎవరు చూస్తారు అని కూడా అడగమనండి.

ఆ కుక్క ఇప్పుడు మా ఇంట్లో ఉంది. గేటు చప్పుడైతే కుంటుకుంటూ మంచం కిందికి దూరుతుంది.

ఇట్లు,
హైదరాబాద్ నివాసి