రోస్టుకు పౌను లెక్క పనికిరాదు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ప్రవాసుల క్రిస్మస్ విందుల గురించి రాస్తూ, గొడ్డుమాంసం రోస్టుకు, అంటే పెద్ద ముక్కను ఓవెన్‌లో కాల్చడానికి, ‘పౌనుకు (దాదాపు 450 గ్రాములకు) 20 నిమిషాలు’ అని లెక్కిచ్చారు. ఇంగ్లండ్, అమెరికా ఇళ్ళలో ఇది పాత లెక్కే. కానీ దీన్ని నమ్ముకుని ఖరీదైన ముక్కను పాడుచేసుకునేవాళ్ళు చాలామంది.

క్రిస్మస్‌కు ఎక్కువగా కొనే ప్రైమ్ రిబ్, అంటే పక్కటెముకల ముక్కనే తీసుకోండి. రెండెముకలది రెండు కిలోలుంటే నాలుగెముకలది నాలుగు కిలోలు తూగుతుంది. బరువు రెట్టింపైనా పెరిగింది పొడవే, మందం కాదు. వేడి నడిమికి చేరాల్సిన దూరం దాదాపు అంతే కాబట్టి టైము కాస్త పెరుగుతుందే గానీ రెట్టింపు కాదు. మీ లెక్కన ఓవెన్‌లో ఉంచితే చెప్పు అట్టలా తయారవుతుంది.

ఇంకో చిక్కు మన అలవాటుది. పెద్దకూర గట్టిగా ఉంటే ‘ఇంకాసేపు ఉడకనీ’ అంటాం. మెడ, కాలు, రొమ్ము ముక్కలకు అది సరైనదే. వాటిలో జిగురు కరగాలంటే నీళ్ళు, గంటలకొద్దీ సన్నటి సెగ కావాలి. రిబ్‌కు, నడుము దగ్గరి ముక్క సర్లాయిన్‌కు ఆ అవసరం లేదు. అవి ముందే మెత్తన. 65 డిగ్రీలు దాటేకొద్దీ కండ ముడుచుకుని నీరు కక్కేస్తుంది. ఆపైన ఎంతసేపు ఉంచితే అంత పీచు.

అందుకే చూడాల్సింది నడిమి వేడి. తినేటప్పుడు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరుంటే రేర్ (లోపల దాదాపు పచ్చిగా), 54-57 మీడియం రేర్, 60-63 మీడియం, 70 దాటితే వెల్‌డన్ (లోపలిదాకా పూర్తిగా కాలినది). థర్మామీటరు సూదిని పక్కనుంచి బాగా మందమైన చోట నడిమిదాకా గుచ్చాలి. ఎముకకు గానీ కొవ్వు పొరకు గానీ తగిలితే తప్పు అంకె చూపిస్తుంది. ముందుగా ఐసుముక్కలు నిండిన నీళ్ళలో పెట్టి చూడండి, సున్నా చూపించాలి.

3 కిలోల ముక్కకు కిలోకు 10 గ్రాముల చొప్పున ఉప్పు పట్టించి, మూత లేకుండా జాలీ మీద రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పైభాగం ఆరితేనే రంగు వస్తుంది. తడిగా ఉంటే ఆ తడి ఆవిరయ్యేదాకా ఎర్రబడదు. ఓవెన్ 120 డిగ్రీల్లో పెట్టండి. మూడు నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు, రెండు గంటలు దాటినప్పటి నుంచే చూస్తుండాలి. మీడియం రేర్ కావాలంటే 52కే బయటికి తీయాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. తీశాక కూడా బయటి వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. సన్నసెగ మీద కాలినదానికి రెండు మూడు డిగ్రీలు, 220లో కాలినదానికి ఐదారు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెరుగుతుంది. అరగంట ఆరనిచ్చి, ఓవెన్‌ను 250కి బాగా కాగనిచ్చి, ఆరు నుంచి పది నిమిషాలు పెడితే పైన కరకరలాడే ఎర్రటి పొర వస్తుంది. ఆ తర్వాత ఆగక్కర్లేదు, పీచుకు అడ్డంగా కోసేయండి.

ముందే పెనం మీద కాలిస్తే రసం లోపలే ఉండిపోతుందని రాశారు. 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలో పెట్టిన నమ్మకమిది. కాలిన పొర నీటిని ఆపదు. దానివల్ల వచ్చేది రుచి, రంగు. అలాగే కోసినప్పుడు కారే ఎర్రనీరు రక్తం కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ కలిసిన నీరు.

విందులో ఎవరో ఒకరు ‘నాకు పచ్చిగా వద్దు’ అంటారు. వాళ్ళ కోసం మొత్తం ముక్కను 70కి తీసుకెళ్ళకండి. చివర్ల ముక్కలు ఎలాగూ ఎక్కువ కాలుతాయి, అవి పెట్టండి. చాలకపోతే కోసిన ముక్కను మరిగే గ్రేవీలో ఒక నిమిషం ముంచితే సరి.

భద్రత మాట మీ వ్యాసంలో లేదు. కోయని నిండు ముక్కకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం. అంతకంటే తక్కువలో తినడం ఎవరిష్టం వారిది గానీ, గర్భిణులకు, ముసలివారికి, పసివాళ్ళకు పెట్టకూడదు. కీమా అయితే 71 తప్పదు. ప్యాకెట్ మీద ‘బ్లేడ్ టెండరైజ్డ్’ అని ఉందేమో కూడా చూసుకోండి. సూదులతో పొడిచిన ఆ మాంసంలో పైనుండే క్రిములు లోపలికి పోతాయి, దానికీ 63 తగ్గకూడదు.

చివరగా, ఈ పద్ధతిని హైదరాబాద్‌లో కొన్న పెద్దకూర మీద ప్రయోగించకండి. అక్కడి దుకాణాల్లో సాధారణంగా దొరికేది గేదె, దున్న మాంసం. కొవ్వు తక్కువ, పశువు వయసు మళ్ళినదైతే పీచూ ఎక్కువే. దాన్ని పెద్ద ముక్కగానే వండాలనుంటే నాలుగు పక్కలా ఎర్రగా వేయించి, సగం మునిగేలా నీళ్ళు పోసి, గట్టి మూతపెట్టి 150 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలకు పైగా ఉంచండి. ఫోర్కు గుచ్చి తిప్పితే తేలిగ్గా తిరిగినప్పుడు దించొచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
న్యూజెర్సీ