కవరుకు లెక్క ఉంది, వలకు లేదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం పొద్దున్నే విశాఖలో మా పెదజాలారిపేట ఒడ్డున బంతిలా చుట్టుకుపోయిన పచ్చటి నైలాన్ వల ముక్క ఒకటి కనిపించింది. ఫుట్‌బాల్ కన్నా కాస్త పెద్దది. లోపల నాలుగు పీతలు. మూడింటికి పెంకులే మిగిలాయి. నాలుగోది ఇంకా కాళ్లు ఆడిస్తోంది. బ్లేడు తెచ్చి వల కన్ను ఒక్కోటీ కోసుకుంటూ దాన్ని విడిపించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. వెళ్తూ వెళ్తూ నా వేలు పట్టుకుని మరీ వదిలింది లెండి.

సముద్రంలో ప్లాస్టిక్ అనగానే మనం మాట్లాడుకునేది కవర్ల గురించే. ప్రభుత్వం కూడా అంతే. 2022 జులై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, గ్లాసుల వంటివి దేశమంతా నిషేధించారు. క్యారీబ్యాగు మందం 50 మైక్రాన్ల నుంచి 75కు, అక్కడి నుంచి 120కి పెంచారు. బీచ్ రోడ్డులో మిక్చర్ బండి దగ్గర నిలబడి ఆ మైక్రాన్లు కొలిచేదెవరో నాకైతే తెలియదు. వాన పడిన మర్నాడు గెడ్డల్లోంచి, అంటే వాగుల్లోంచి, సముద్రంలోకి ఏం కొట్టుకొస్తుందో చూసేవాళ్లకు ఆ నిషేధం ఎంతవరకు అమలవుతోందో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ నియమం తప్పని నేను అనను. కాగితం మీదైనా ఉంది.

నా బాధ కాగితం మీద కూడా లేనిదాని గురించి. 2022 ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మార్గదర్శకాలు తెచ్చింది. ప్లాస్టిక్ ప్యాకింగ్ తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్లు, దాంట్లో తమ బ్రాండు సరుకు అమ్మేవాళ్లు ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తీసుకోవాలన్నది వాటి సారాంశం. గట్టి డబ్బాలు, పల్చటి కవర్లు, పొరలుపొరలుగా ఉండే చిప్స్ ప్యాకెట్లు, మట్టిలో కలిసిపోయే రకం అని విడివిడిగా లెక్కలు కట్టారు. అన్నీ ప్యాకింగే. చేపల వల ప్యాకింగ్ కాదు కాబట్టి ఆ లెక్కలోకి రాదు. అంటే రూపాయి షాంపూ ప్యాకెట్‌కు జవాబు చెప్పేవాడున్నాడు, బోటు మీద వందల కిలోలుండే నైలాన్‌కు లేడు. యూరప్ దేశాలు 2019లో చేసిన చట్టంలో వలలు, తాళ్లు తయారుచేసే కంపెనీలపై కూడా ఈ బాధ్యత పెట్టాయి. మనం పెట్టకపోవడానికి కారణం నాకు కనిపించలేదు.

ఇది చదివి జాలారోళ్లే సముద్రాన్ని పాడుచేస్తున్నారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మా మావయ్య నలభై ఏళ్లు ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపాడు. లక్షలు పోసి కొన్న వలను ఎవడైనా సరదాకి నీళ్లలో పారేస్తాడా అంటాడు. అడుగున రాయికో, మునిగిన పడవకో పట్టేస్తే ఇంజను ఎంత లాగినా రాదు. బోటు ఒరిగిపోతుంటే కత్తి తీసి కోసేయడమే. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. తాతల కాలంలో నూలు వలలు వాడేవాళ్లు, తుమ్మ చెక్క ఉడికించిన నీళ్లలో నానబెట్టేవాళ్లు. ఎంత కాపాడుకున్నా కొన్నాళ్లకు చివికిపోయేవి. తెగి సముద్రంలో పడినా అదే సంగతి. నైలాన్ చివకదు. అదే దాని గొప్ప, అదే దాంతో వచ్చిన చిక్కు. అడుగున చేరి, పట్టేవాడు లేకపోయినా చేపల్నీ తాబేళ్లనీ పడుతూనే ఉంటుంది.

ఇంకో మాట. నైలాన్ నీటికన్నా బరువు, మునిగిపోతుంది. వల తేలడానికి కట్టే బెండ్లతో, తాళ్లతో చిక్కుపడిన ముక్కలే ఒడ్డుకు చేరతాయి. అందుకని బీచ్ క్లీనింగ్ కార్యక్రమాల్లో అసలు సరుకు మన కంటపడదు. 2022 ఆగస్టులో మన తీరంలో వేలమంది చెత్త ఏరారు. మా బడి పిల్లల్ని తీసుకుని నేనూ వెళ్లాను. సంచులు నిండాయి, ఫొటోలు బాగా వచ్చాయి. ఆ సంచుల్లో వల ముక్కలు గుప్పెడు.

తెగిపోయిన వలను ఎలాగూ ఆపలేం. పాతబడి పక్కన పెట్టిన వల మాట వేరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు రేవులోనే ఉంటాయి, వలలు బాగుచేసుకునేదీ అప్పుడే. పనికిరాని వలలు కుప్పలుగా బయటపడేదీ అప్పుడే. అప్పుడు హార్బర్‌లో ఒక కాటా, ఒక గోడౌను పెట్టి కిలోకింత అని కొంటే చాలు. ఆ డబ్బు వల తయారుచేసే కంపెనీలు భరించాలి, దానికే చట్టం మార్చమంటున్నాను. నిషేధ కాలంలో ఇచ్చే మత్స్యకార భృతికి మాత్రం దీన్ని ముడిపెట్టొద్దు. వల తెస్తేనే డబ్బులు వేస్తామంటే మొదటి ఏడాదే గొడవై కూర్చుంటుంది.

ఇది ఊహ కాదు. కేరళలో కొల్లం దగ్గర నీండకర రేవులో 2017లో శుచిత్వ సాగరం అని ఒక పథకం పెట్టారు. వేటకెళ్లిన బోట్లు వలలో పడిన ప్లాస్టిక్‌ను మళ్లీ నీళ్లలోకి వదలకుండా సంచుల్లో వేసి ఒడ్డుకు తెచ్చాయి. దాన్ని తురుము చేసి రోడ్లు వేయడానికి వాడారు. వాళ్ల బోట్లు చేసిన పని మన బోట్లు చేయలేవా?

ప్లాస్టిక్‌పై ప్రపంచ ఒప్పందం కోసం 2022 నుంచి దేశాలన్నీ కూర్చుంటూ లేస్తూ ఉన్నాయి. 2024 చివర్లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో తేలలేదు, 2025 ఆగస్టులో జెనీవాలోనూ తేలలేదు. అది తేలేదాకా విశాఖ రేవులో కాటా పెట్టడం ఆపాల్సిన పనేముంది?

మా మావయ్య డాబా మీద మూడు గోతాల పాత వల రెండేళ్లుగా పడి ఉంది. పాత ఇనుప సామాన్లవాడు వద్దన్నాడు, చెత్త బండివాళ్లు మేం ఎక్కించుకోం అన్నారు. ఎక్కడ దించాలో అధికారులెవరైనా మీ పత్రిక ద్వారా చెబితే, ఆటో మాట్లాడుకుని నేనే తెస్తాను.

ఇట్లు,
ఒక స్కూలు మాస్టారు,
పెదజాలారిపేట, విశాఖపట్నం